చప్పిడి నీళ్లు

ఇంటి మొత్తానికీ ఫిల్టర్ బిగించి వారమైంది. "ఈ చప్పిడి నీళ్లు నా గొంతు దిగవు. దీన్ని పీకించకపోతే కూతురింటికి పోతా!" అని మామయ్య సంచి సర్దేశారు.

చేసేది లేక, అది బిగించిన ప్లంబర్‌నే పిలిచాను. అతను మెట్ల కిందకి దూరి, వాల్వు చూసి నాలుక్కరుచుకున్నాడు.

"అక్కా, ఫిల్టర్‌లోకి నీళ్లు వదలడమే మర్చిపోయాను. ఇన్నాళ్లూ మీకొచ్చింది పాత నీళ్లే," అని గుసగుసగా చెప్పి వాల్వు ఫిల్టర్ వైపు తిప్పాడు.

ఫిల్టర్ ఆపించేశాననుకుని మామయ్య కుళాయి కింద గ్లాసు పెట్టారు. గటగటా తాగి మీసం తుడుచుకున్నారు. "హమ్మయ్య! ఇవీ మన నీళ్లంటే!"

అసలు సంగతి నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఫిల్టర్ నీళ్లకి జుట్టు పట్టుకుచ్చులా అయిందని వారం నుంచీ వీధంతా చెప్పుకు తిరిగింది నేనేగా!