ప్రేక్షకురాలు

"వెధవ ఆట, వెధవ లీగ్. చూసేవాళ్లు ఇంకా పెద్ద వెధవలు" అంటూ అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు వ్యాఖ్యాత.

తిట్టడం అయ్యాక గొంతు సవరించుకున్నాడు. ఆ పూట చెప్పాల్సిన మాటలు వల్లించడం మొదలుపెట్టాడు.

"కొత్తల్లుడు అత్తారింటి గుమ్మం దగ్గర ఆగినట్టు, ఆ ఎర్రబంతి పాకెట్ అంచున ఆగి, ఆలోచించి, మెల్లగా లోపలికి అడుగుపెట్టింది!"

వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుతున్న భార్య కిసుక్కున నవ్వింది.

"నీకేం అర్థమైందని ఆ నవ్వు?" అన్నాడు. ఆమె డబ్బా మూత బిగించింది.

ఇరవై రెండేళ్లు రేడియోలో క్రికెట్ చెప్పిన గొంతు అతనిది. తర్వాత ఎవరో కుర్ర గొంతులు కావాలన్నారు. మూడేళ్లు ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ మూడేళ్లూ పలకరిస్తే 'ఊ' అనేవాడు, అంతే. కంచంలో అన్నం కెలికి వదిలేసేవాడు. అలాంటి సమయంలో, బల్ల మీద బంతుల్ని కర్రతో పాకెట్లలోకి కొట్టే ఈ స్నూకర్ లీగ్ వాళ్లు ఫోన్ చేశారు. ఏదో వాళ్లని ఉద్ధరిస్తున్నట్టు ముఖం పెట్టి ఒప్పుకున్నాడు.

లీగ్ సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. మొత్తం ఎనిమిది జట్లు. ఒకటి పులులు, ఒకటి గద్దలు, ఇంకోటి తేళ్లు. తీరా చూస్తే ఆడేవాళ్లందరూ నల్ల కోట్లు తొడుక్కున్న గుమస్తాల్లా ఉంటారు. నిన్నటి పులి ఇవాళ తేళ్ల జట్టులో ఆడుతుంటాడు. ఎవడి కోసం చప్పట్లు కొట్టాలో సొంత తోడల్లుడికే తెలీదు. ఆటగాడు వంగి, ఊపిరి బిగబట్టి కర్ర గురిపెడతాడో లేదో, వెనకనుంచి డప్పులు. హంగు కోసం వదిలే పొగకి టేబుల్ మీద బట్ట చెమ్మగిల్లుతుంది, బంతులు నడుస్తూ నడుస్తూ మధ్యలో పడుకుంటాయి. ఒక్కో దెబ్బకి పదిహేను సెకన్లే గడువు. ఆలోచించి ఆడే ఆటని బస్సు అందుకునే ఆటగా మార్చేశారు.

హాల్లో కుర్చీలు అయిదు వందలు. జనం నలభైకి మించరు. వెనక వరసల్లో వాళ్లకి బంతులు కనపడవు, వంగిన ఆటగాళ్ల వెనకభాగాలు తప్ప.

"దీన్ని టీవీలో ఎవరు చూస్తారయ్యా?" అని ప్రొడ్యూసర్‌ని రోజూ ఎకసెక్కం చేసేవాడు వ్యాఖ్యాత.

ప్రొడ్యూసర్ మొదటి రెండు రోజులూ చెవిలో జోరీగలా "ఆపండి సార్, ప్రకటనలు! ఆపండి సార్, ప్రకటనలు!" అని అరిచాడు. తర్వాత ఆ గోల మానేశాడు. ఎంతసేపు మాట్లాడినా అడ్డుపడటం లేదు.

"ఇన్నాళ్లకి నా విలువ తెలిసొచ్చిందన్నమాట నీకు" అన్నాడు వ్యాఖ్యాత.

ప్రొడ్యూసర్ పల్లీలు నములుతూ నేలచూపులు చూశాడు. "మీరు కానివ్వండి సార్. ఫైనల్ దాకా చెప్పిస్తామని మాటిచ్చాం కదా."

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి భార్య చెంబుతో నీళ్లందించింది. "ఇవాళ ఎంత బాగా చెప్పారండీ! ఆ కొత్తల్లుడి మాటకైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను."

అతను చెంబు దించాడు. "ఆ మాట ఇవాళ అననే లేదు. ఒక్క బంతీ అంచున ఆగి చావలేదు."

ఆమె ఒక్క క్షణం తడబడింది. "అయితే నిన్న అన్నారేమో. నాకు రోజులు కలగాపులగం అయిపోతాయి."

"నీలాంటి బుర్రలేని వాళ్లు చూడబట్టే ఆ లీగ్ అలా తగలడింది!" అని పకపకా నవ్వాడు. ఆ ఊపులో ఎరుపెప్పుడు కొట్టాలో, నలుపెప్పుడు కొట్టాలో గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. మాటల్లో పడి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఆమె నెయ్యి వడ్డించింది.

ఫైనల్ రోజు కొత్త చొక్కా వేసుకుని బయల్దేరాడు. గుమ్మం దాకా వచ్చింది భార్య. మెట్ల మీద కింది వాటా మందుల షాపాయన ఎదురయ్యాడు.

"మాస్టారూ, నిన్న మీ ఆట చూద్దామని టీవీ పెట్టానండీ. తీరా చూస్తే…"

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో పాలు మాడుతున్నట్టున్నాయి, వాసనొస్తోంది!" అని పైనుంచి కేకేసింది ఆమె. ఆయన కంగారుగా లోపలికి పరిగెత్తాడు.

"చూశావా జనాన్ని! పొయ్యి మీద పాలు చూసుకోవడం రాదు, వీళ్లు స్నూకర్ చూస్తారట" అని పెదవి విరిచాడు వ్యాఖ్యాత. "ఇదిగో, ఇవాళ ఫైనల్. నువ్వు చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. నీకేం తెలిసి చావదు."

"చూస్తానండీ. మీరు జాగ్రత్తగా వెళ్లిరండి" అంది.

అతను హుషారుగా ఈలవేసుకుంటూ సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

నాలుగింటికి టీవీ ముందు కూర్చుని ఆమె ఆ చానల్ పెట్టింది. మూడో రోజునే లీగ్ ప్రసారాన్ని ఎత్తేసిన ఆ చానల్లో, పద్దెనిమిది రోజులుగా వస్తున్నట్టే, మోకాళ్ల నొప్పుల నూనె అమ్ముతున్నారు.