ఫెయిల్ చేసే సారు

"చుచి" అన్నారు మునీంద్ర సారు.

"సుసి" అన్నాడు ఏకాంబరం.

క్లాసంతా గొల్లుమంది.

"చుచి అంటే కడగడం. ఇండోనేషియా వాళ్ళకు చ అంటే చ నే, స కాదు. ఫెయిల్. కూర్చో."

రేణిగుంటలో ఒక గోడౌను మేడ మీద జరిగే క్లాసు అది. పాసైనవాళ్ళకు ఇండోనేషియా బట్టల మిల్లులో ఉద్యోగం ఇప్పిస్తానని ఏజెంటు ధనంజయ మాటిచ్చాడు. నగరిలో ఏకాంబరం మరమగ్గాలు పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. మిగిలిన దారి ఇదొక్కటే.

చ పలకమంటే స పలకడం చిత్తూరు నోటికి పుట్టుకతో వచ్చిన అలవాటు. సారు సరిగ్గా దాన్నే పట్టుకుని కూర్చున్నారు.

ఆయన ఎవరో, ఏ ఊరో క్లాసులో ఎవరికీ తెలియదు. నవ్వరు. రోజూ మొదట ఒకే మాట పలికిస్తారు.

"తొలోంగ్. అంటే కాపాడండి అని. చివర గ వినపడకూడదు. గట్టిగా!"

"మిల్లులో ఈ మాటతో ఏం పని సార్?"

"గట్టిగా!"

ఏకాంబరం పంతం పట్టాడు. రైల్లో చుచి, అన్నం ముందు చుచి.

"నిద్దర్లో గూడా అదేనా?" అని నవ్వింది భార్య నందిని. అంతలోనే ఏడ్చింది. "ఈసారి గూడా పాస్ గాకపోతే యాడికి పోదాం మనం?"

శనివారం ధనంజయ ఎదురుగానే పరీక్ష.

"చుచి" అన్నాడు ఏకాంబరం. స జాడ ఎక్కడా లేదు.

సారు ముఖం పాలిపోయింది.

"ఫెయిల్" అన్నారు.

ఏకాంబరానికి ఒళ్ళు మండింది.

"నా కడుపు కొట్టాలనే సూస్తా ఉండాడు సార్ ఈయప్ప! బాగానే పలికినా గదా, మీరే విన్నారు గదా!"

"విన్నా" అన్నాడు ధనంజయ. "ఈయన వచ్చినప్పట్నుంచి ఒక్కడూ పాస్ కాలా. అనుమానంగానే ఉండాది నాకు. సారూ, రేపట్నుంచి రావద్దు. ఈ సంగతి ఇండోనేషియాలో ఉండేవాళ్ళకు ఫోన్ చేసి చెప్తా."

సారు గోడ పట్టుకుని నిలబడ్డారు. ధనంజయ మాటతో ఏకాంబరం పాసయ్యాడు.

మెట్ల మీద సారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"నీకింకా రాలేదు నాయనా. పోవద్దు."

"ఇంకా వదల్లేదా నన్ను?" అని విదిలించుకుని వెళ్ళిపోయాడు ఏకాంబరం.

విమానం దిగాక పడవ ఎక్కించారు. పడవ దిగిన చోట మిల్లు లేదు. ముళ్ళకంచె, రేకుల షెడ్లు, కాపలా కుక్కలు ఉన్నాయి. పాస్‌పోర్టు, ఫోను లాక్కున్నారు.

"తొలోంగ్!" అని అరిచాడు ఏకాంబరం, గట్టిగా, సారు నేర్పినట్టే.

పడవవాడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

షెడ్డులో ఎముకల గూడులా ఉన్న మనిషి ఒకడు దగ్గరికి వచ్చాడు.

"అరవొద్దప్పా. ఈడ ఎవురూ రారు. నా పేరు గురప్ప, మాది శ్రీకాళహస్తి."

"ఎట్ల చిక్కినావన్నా?"

"నేనూ మా అన్న ఒకటిగానే వచ్చినాం. పాఠం చెప్పి మనుషుల్ని పంపమని ఆయన్ని రేణిగుంటకు తోలినారు. ఆయన నోరు తెరిస్తే నన్ను సంపేదానికి ఈడ పెట్టుకున్నారు."



గురప్ప అతన్ని ఎగాదిగా చూశాడు.

"'నోటితో చెప్పలేను గానీ, వచ్చినోళ్ళందర్నీ ఫెయిల్ చేస్తా' అని నాకు మాటిచ్చి పోయినాడే మా మునీంద్రన్న, నువ్వెట్ల వచ్చినావప్పా?"