బంగారు రంగు

ఇప్పుడు రంగులు సినిమాలకే కాదు, ఇళ్లకీ వేస్తున్నారు. గోడలకు కాదు, ఇంటిల్లిపాది కళ్లద్దాలకూ ఒకటే రంగు; వాటిలోంచి మనుషులతో సహా ఇల్లంతా ఆ రంగులోనే కనిపిస్తుంది. సుభాషిణి తన షార్ట్ ఫిల్మ్‌కి ఎంచుకున్న బంగారు రంగునే ఇంటికీ పెట్టింది. ఆ ఫిల్మ్‌లో నాయిక అత్తగారే. షూటింగ్ మధ్యలో ఆవిడ మొహం వాడినట్టనిపిస్తే రంగు ఇంకాస్త పెంచింది.

తిండి సయించక అత్తగారు మంచం పట్టాక ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఇద్దరి కళ్లద్దాలూ తీయించింది.

"కళ్లు ఇంత పచ్చగా ఉన్నాయి! కామెర్లు ముదిరిపోయాయి. ఇంట్లో ఒక్కరూ చూళ్లేదా?"



"మా కోడల్నేమీ అనకండమ్మా," అంది అత్తగారు. "రోజూ గడ్డం పట్టుకుని మరీ చూసేది. బంగారంలా ఉన్నారత్తయ్యా అనేది."