ఐదో బండ దగ్గర మజ్జిగ

మైకు సెట్టు కొండపైకి చేర్చాలి.

ఏడు బండలకీ సున్నం కొట్టించాలి.

మెట్లు లేనిచోట పట్టుకునేందుకు తాడు కట్టించాలి.

పైనున్న సిలువకు తెల్లరంగు వేయించాలి.

ఆ మజ్జిగ మనిషిని ఈసారి కొండమీద ఉండనివ్వకూడదు.

శుభ శుక్రవారానికి సంఘం సెక్రటరీ సుశీల్ కుమార్ చేయాల్సిన పనులివి. ఆఖరిది తప్ప అన్నీ అయిపోయాయి.

కావలికీ బిట్రగుంటకీ మధ్య ఉంది ఆ రాళ్లకొండ. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు దారిలో ఏడు బండలు. మధ్యాహ్నం పన్నెండింటికి కింద మొదలుపెట్టి, బండ బండకూ ఆగి వాక్యం విని, మూడింటికి సిలువ దగ్గరికి చేరాలి. అప్పటిదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ఈ సంఘంలో అది కట్టుబాటు.

ఐదో మాట దప్పిక గురించి. సరిగ్గా ఆ బండ నీడనే ఆ ముసలాయన ఏటా కడవ పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటినుంచి పెరుగు తెచ్చి, కొండకింద బోరింగు దగ్గర మజ్జిగ చేసుకుని ఎక్కుతాడు. నుదుట విబూది. పేరు ఎవరికీ తెలియదు.

జనం రాకముందే సుశీల్, వాలంటీరు మాథ్యూ అక్కడికి చేరారు.

"మళ్లా వచ్చినావా పెద్దాయనా?" అన్నాడు సుశీల్.

"వచ్చినా నాయనా."

"ఏ ఊరు నీది?"

"తోటపల్లి గూడూరు పక్కన. బిట్రగుంటలో రైలు దిగి నడిచొస్తా."

"మా ఉపవాసం చెడగొట్టేదానికి అంత దూరం నించి వస్తా ఉండావా?"

"అడిగినోళ్లకే పోస్తా. అడగనోళ్ల జోలికి పోను."

"ఎవురూ అడగరు."

"అడిగితే?"

మాథ్యూ పకపకా నవ్వాడు. "అన్నా, ఉపవాసంలో ఉన్న ప్రభువుకు సాతాను రాళ్లు చూపించి రొట్టెలు చేసుకోమన్నాడు. మనకు మజ్జిగ చూపిస్తా ఉండాడు. బాగా తెలివి మీరినాడు!"

సుశీల్ నవ్వలేదు. వాళ్లింట్లో డిగ్రీ చదివింది అతనొక్కడే. సంఘం నమ్మి పని అప్పజెప్పింది. వంగి కడవ బోర్లించాడు. మజ్జిగ బండమీదుగా తెల్లగా జారిపోయింది.

ముసలాయన తిట్టలేదు. ఖాళీ కడవ భుజానికెత్తుకున్నాడు.

"పోనీలే. బోరింగు దగ్గర నీళ్లన్నా పట్టుకొస్తా" అంటూ దిగిపోయాడు.

జనం వచ్చారు. పాస్టరు యెహోషువగారు మైకు అందుకున్నారు.

"ఇదే బండమీద, చాలా ఏళ్ల కిందట, రోజా అనే మన చెల్లి ఉపవాసంతో ప్రాణం విడిచింది. నీళ్లొద్దు, ప్రభువే చాలు అంది. మనలో ఉందా అట్లాంటి విశ్వాసం?"

"ఆమేన్!" అన్నారు జనం.

సుశీల్ తల్లి పుష్పకుమారి అతని చొక్కా పట్టి లాగింది. ఆమెకు షుగరు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు.

"అబ్బయ్యా, రెండు గుక్కల నీళ్లు."

"ఇంక కొంచేపేమ్మా. సెక్రటరీ వాళ్లమ్మే తాగిందంటారు."

"ప్రభువే దప్పికన్నాడు కదరా."

"రోజా అక్క అడిగిందా?"

ఆమె బండకు ఆనుకుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయింది.

"నీళ్లు! ఎవురి దగ్గరన్నా నీళ్లుండాయా?" సుశీల్ అరిచాడు.

అంత జనంలో ఒక్కరి దగ్గరా లేవు. కొండకింద సంచులు వెతికించి మరీ సీసాలు తీయించేసింది అతనే.

ముందు కడవ కనిపించింది. తర్వాత దాన్ని మోసుకొస్తున్న ముసలాయన. రొప్పుతూనే వచ్చి ఆమె మొహం తడిపాడు. కళ్లు తెరిచాక, పంచెకొంగున ఉన్న బెల్లంముక్క నోటికందించి నీళ్లు పట్టాడు.

"నిదానంగా తాగమ్మా. ఎవురేమనుకుంటే నీకేంది."

సుశీల్ చేతులు జోడించాడు. "తప్పయింది పెద్దాయనా. ఎవురూ అడగరనుకున్నా. రోజా అక్క కూడా అడగలేదని..."

"అడిగింది నాయనా."

"రోజా అక్కా?"

"నాలుక పిడచకట్టుకపోయి, ఏడ్చి అడిగింది. మూడు గంటలు కానీమని మీవాళ్లు కూర్చోబెట్టినారు. నేను కిందికి పరిగెత్తినా. కడవతో ఎక్కొచ్చేటప్పటికి మీవాళ్లు పాటలు పాడతా ఉండారు."

సుశీల్ పాస్టరుగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, అడిగిందంట."

ఆయన మైకును అరచేత్తో మూశారు. "సాక్ష్యమంటే వినేవాళ్లకు బలం రావాల గదా సుశీలూ."

"అంటే మీకు తెలుసా?"

"ఆరో మాటకు టైమవతా ఉంది. పద."

ఎవరికి బలం? దాహంతో చచ్చిన పిల్ల నోట్లో ఆమె అనని మాట పెట్టి, ఆ మాటతో ఏటా బతికున్నవాళ్ల నోళ్లు మూయించడం ఏ సాక్ష్యం?

సుశీల్ మైకు వైరు పీకేశాడు.

"ముందు నీళ్లు తాగండి. తర్వాతే ఆరో మాట!"

ఎవరూ కదల్లేదు. అందరూ పాస్టరుగారి మొహం చూస్తున్నారు. చివరికి పెద్దావిడ అబిగయీలు ముందుకొచ్చి దోసిలి పట్టింది. "నాకు పొయ్యన్నా. నీ పేరేంది?"

"కామాక్షయ్య."

"మా సంఘపోడివి కాదే. ఆ రోజు ఈ కొండమీద నీకేం పని?"

ఆయన ఆమె దోసిట్లో నీళ్లు పోస్తూ అన్నాడు. "ఎండ గదమ్మా. తోడొచ్చినా."

మీరెప్పుడన్నా ఆ కొండ ఎక్కితే, ఐదో బండ దగ్గర ఒక్క నిమిషం ఆగి రోజాను తలుచుకోండి. ఆ పిల్ల నీళ్లడిగింది, వాళ్ల నాన్న కామాక్షయ్యని.