ఉసిరిగొంది తరఫు మనిషి

ఆ మనిషి దగ్గరికి రాగానే గుప్పున వాంతి కంపు కొట్టింది.

సాయిప్రసన్న చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

రాజమండ్రి శివార్లలో మల్లేశ్వరరావు గారి కలప డిపోలో ఆమె మేనేజరు. విదేశీ ఫర్నిచర్ కంపెనీ ఒకటి ఈ డిపో వెదురు కొంటానంది. కాకపోతే, ఆ వెదురు అడవిని పాడుచేయకుండా, అక్కడుండే గిరిజనుల ఇష్టంతోనే కొట్టిందని ఒక సర్టిఫికెట్ కావాలి. అది ఇచ్చే ఆడిటర్ అశ్విని ఇవాళ వస్తోంది. ఏజెన్సీలోని ఉసిరిగొంది అనే కొండరెడ్ల ఊరివాళ్లతో ఆమె డిపోవాళ్ల ఎదుటే ముఖాముఖి మాట్లాడాలి.

ఉసిరిగొంది మొదట్లోనే కుదరదంది. లేత వెదురు కొట్టబోమని మాటిచ్చి మళ్ళీ కబురు పంపితే జవాబు లేదు.

"వాళ్లు రాకపోతే ఏంటి? మనుషుల్ని మనమే తెచ్చుకుందాం" అన్నారు మల్లేశ్వరరావు గారు.

అందుకే కాంట్రాక్టరు పల్లంరాజు ధవళేశ్వరం రేవులో చేపలు పట్టుకునేవాళ్లను వ్యాన్లో ఎక్కించుకొచ్చాడు. నాటకాల వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చిన పూసలూ ఈకలూ వాళ్లకు తగిలించాడు.

"గోదాట్లో వలేసుకునేవోళ్లమండి మేము. ఈ ఈకలేంటండి, కోళ్లకి మల్లే?" అంది మరిడమ్మ.

"నువ్వు నవ్వుతూ తల ఊపు, చాలు" అన్నాడు పల్లంరాజు. అనేసి భోజనాలు తేవడానికి వెళ్లిపోయాడు.

చూస్తుంటే సాయిప్రసన్నకు రోత పుట్టింది. అయినా మరిడమ్మ తలమీద పక్కకు ఒరిగిన ఈకను తనే సరిచేసింది.

అప్పుడొచ్చాడు ఈ మనిషి. వెలిసిపోయిన ప్యాంటు, గుండీలు పైకీ కిందికీ పెట్టుకున్న చొక్కా, దాని మీద ఆరిన మరక.

"బస్సులో వాంతైందమ్మా. నాకు బస్సు పడదు" అన్నాడు సిగ్గుపడుతూ.

పల్లంరాజు మనుషుల్లో ఒకడు వెనకబడి వచ్చాడనుకుంది ఆమె.

"వెళ్లి ఆ చివర కూర్చోండి."

"ఆడిటరమ్మగారు వచ్చేరా? మాట్లాడాలి."

"మీరేం మాట్లాడక్కర్లేదు. తల ఊపితే చాలు."

అతను ఈకల వాళ్ల వంక చూశాడు.

"వీళ్లంతా ఏ ఊరోళ్లమ్మా?"

"ఉసిరిగొంది. ఎవరడిగినా అదే చెప్పాలి. మీరూ అంతే!"

అతను ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వెళ్లాడు. మరిడమ్మ తల దించుకుంది.

ఇంతలో మల్లేశ్వరరావు గారు వచ్చారు.

"ఎవడు వీడు? ప్యాంటూ చొక్కానా? గిరిజనుడిలా ఉన్నాడా అసలు? పైగా ఈ కంపొకటి! ఛీ, బయటికి పంపించండి!"

సాయిప్రసన్న అతన్ని గేటు దాకా తీసుకెళ్లింది. దారంతా ముక్కు మూసుకునే ఉంది.

"ఇవాళ మీ అవసరం లేదండీ. వెళ్లిపోండి."

"అయితే నేను మాట్లాడక్కర్లేదామ్మా?"

"చెప్తుంటే అర్థం కావట్లేదా? అక్కర్లేదు."

"సరేనమ్మా."

గేటు పక్క కొళాయి దగ్గర చొక్కా మీది మరక కడుక్కుని, తడి చొక్కాతోనే రోడ్డెక్కాడు. ఆమె లోపలికొచ్చి, అతను నిలబడ్డ చోట సెంటు కొట్టించింది.

కాసేపటికి అశ్విని కారు దిగింది. ఈకల్ని చూడగానే ఆమె ముఖం, నోట్లో చేదు పడ్డట్టు మారిపోయింది.

"వీళ్లెవరండీ?"

"ఉసిరిగొంది వాళ్లు మేడమ్. పాపం, అమాయకులు" అన్నారు మల్లేశ్వరరావు గారు.

అశ్విని మరిడమ్మ ముందు కూర్చుంది. "మీ ఊరి వెదురు వీళ్లకివ్వడం మీకిష్టమేనా అమ్మా?"

మరిడమ్మ తల ఊపలేదు. ఈకలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నన్నడక్కండమ్మగారూ. మాది ధవళేశ్వరం."

అశ్విని లేచి నిలబడింది.

"నేను మొన్ననే ఉసిరిగొంది వెళ్లొచ్చాను" అంది అశ్విని. "అక్కడ ఈకలు పెట్టుకునేవాళ్లెవరూ లేరు. లచ్చిరెడ్డి గారేరీ? ఇక్కడికే వస్తున్నానని పొద్దున్న బస్సులోంచి ఫోన్ చేశారే."

సాయిప్రసన్న గేటు దగ్గరికి పరుగెత్తింది. రోడ్డు మీద ఇసుక లారీల దుమ్ము తప్ప ఏమీ లేదు.

"ఇందాకటి మనిషా అండీ? బస్సెక్కేశాడు. మా ఊరి మాట ఇక్కడ అక్కర్లేదంట అన్నాడు" అన్నాడు వాచ్‌మన్.

ఆమె తిరిగొచ్చేసరికి అశ్విని కారు తలుపు తీస్తోంది.

"మేడమ్, ఆయన్ని బయటికి పంపించింది నేనేనండి" అంది సాయిప్రసన్న. చెబుతుంటే తన గొంతు మీద తనకే అసహ్యం వేసింది. "ఇంతకీ ఎవరండీ ఆయన?"

అశ్విని ఆమె వంక కూడా చూడలేదు.

"మీకు వెదురు ఇచ్చేది లేదని ఊరంతా భీష్మించుకు కూర్చుంటే, లేత వెదురు జోలికి వెళ్లబోమని మీరిచ్చిన మాట నమ్మి, ఇంటింటికీ తిరిగి అందర్నీ ఒప్పించి, ఊరి తరఫున నాతో 'సరే' అని చెప్పడానికి వచ్చిన ఉసిరిగొంది పెద్ద."