కంపెనీ తాళం

రొయ్యల షెడ్డులో పని వదిలేశాక నూకరత్నం వేలు తెగింది. వారమైనా గాయం మానలేదు. షెడ్డులో అయితే కంపెనీ జెల్లు రాసి టీ తాగేలోపు చర్మం అతుక్కునేది.

"గాయం మాన్పే హార్మోను నీ ఒంట్లోనే ఉంది," అంది డాక్టరమ్మ. "అది తాళంచెవి లాంటిది. కణం మీదున్న తాళంలో పడితేనే చర్మం పెరుగుతుంది. పనిలో చేరినప్పుడు వేసిన సూది ఆ తాళాల్నే మార్చేసింది. ఇప్పుడు వాటికి కంపెనీ జెల్లే పడుతుంది."

"పోనీలెండి, గుడ్డ కట్టుకుని ఇడ్లీ బండి పెట్టుకుంటాను. ఆ కంపెనీ గేటు మాత్రం మళ్ళీ తొక్కనని వాళ్ళతో చెప్పే వచ్చానండి."

బెంచీ మీద నుంచి ఏడో తరగతి చదివే కూతురు పల్లవి పిలిచింది. "అమ్మా, నా మోకాలి దెబ్బ కూడా ఇంకా మానలేదే!"

నూకరత్నం వెళ్ళి పిల్ల మోకాలి కట్టు విప్పి చూసింది. కంపెనీ పండగనాడు పిల్లలకు ఉచితంగా ఆ సూదే వేస్తుంటే, అందరినీ తోసుకెళ్ళి పల్లవిని ముందు నిలబెట్టింది తనే.

పల్లవిని వెంటబెట్టుకుని వచ్చిన ఆమెను చూసి షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు గంగరాజు పళ్ళికిలించాడు. "తొక్కనన్నావుగా, రత్నం?"

"పనిలోకి వస్తానండి. పిల్లకి కాస్త జెల్లు ఇప్పించండి బాబూ."

"పనిచేసేవాళ్ళకే జెల్లు. నీ పని నీ జెల్లుకే సరి."

గంగరాజు వంగి పల్లవి చేయి పట్టుకుని చూశాడు.

"సన్నటి వేళ్ళు. రొయ్యలు బాగా ఒలుస్తాయి."