అందరూ క్షమించారు

అలిగి మాటలు మానేసిన భార్యను ఎలాగైనా మాట్లాడించాలనుకున్నాడు వెబ్ డిజైనర్. ఆమె కుట్టే పిల్లల గౌన్లు అమ్మడానికి వెబ్‌పేజీ తయారుచేసింది అతడే. ఫొటోలు మాత్రం ఆమే పెట్టుకుంటుంది. పొద్దున లేవగానే ఆమె తెరిచేది ఆ పేజీనే.

అందుకని పేజీ మొత్తాన్ని కప్పేసేలా ఒక నల్లటి తెర వేశాడు. పేజీ రూపాన్ని తీర్చే సీఎస్‌ఎస్ కోడ్‌లో నాలుగు అంచుల దగ్గరా ఖాళీ సున్నా అని ఇచ్చి, ఎంత స్క్రోల్ చేసినా కదలకుండా బిగించాడు. మధ్యలో “తప్పయిపోయింది, క్షమించు” అని తెల్లటి అక్షరాలు. కింద “క్షమించాను” అని ఒకే ఒక్క బటన్. అది నొక్కితే గానీ తెర తొలగదు.

ఆ రోజు ఆమె పేజీ తెరవనే లేదు. గౌన్లు కొనడానికి వచ్చినవాళ్లే గత్యంతరం లేక బటన్ నొక్కారు. మధ్యాహ్నానికి అతడు లాప్‌టాప్ పట్టుకుని కుట్టుమిషన్ దగ్గరికి పరిగెత్తాడు.

“ఇదిగో చూడు, వంద మందికి పైగా క్షమించారు నన్ను! నీకే మనసు రావడం లేదు.”

ఆమె మిషన్ ఆపి స్క్రీన్ వైపు చూసింది.

“మీరేమన్నారో తెలిస్తే వాళ్లూ క్షమించరు. మా పిన్ని ముందు నా కుట్టుపని ఉత్త కాలక్షేపం అన్నారు. ఇప్పుడు దాని మీద నల్లగుడ్డ కూడా కప్పారు. ముందు అది తీయండి.”

అతడు గబగబా ఆ కోడంతా చెరిపేశాడు. బుట్టచేతుల గౌన్లు, లేసు అంచుల గౌన్లు వరసగా బయటపడ్డాయి.

“వీటిలో మీకు ఏది నచ్చింది?” అని అడిగిందామె.

అతడు కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. పేజీ తయారుచేసినవాడే అయినా, గౌన్లను చూడడం అతడికి అదే మొదలు.